వయసులో కాన్సర్: ఫోనులో దొరికే తోడు, ఇంట్లో దొరకవలసిన తోడు



ఈ నెల పాఠం కాన్సర్‌తో బతుకుతున్న యువతీ యువకుల గురించి. ఇంట్లో అలాంటివారు ఉంటే దీన్ని వారితో కలిసి చదవండి. లేకపోయినా చదవండి. మన వీధిలో, మన సంఘంలో అలాంటివారు ఒకరైనా ఉంటారు. మనకు తెలియకుండా ఉండవచ్చు, ఎందుకంటే వాళ్ళు చెప్పుకోరు.

ఒకరోజు పిట్లం వైపు నుంచి ఒక తల్లి మా ఆసుపత్రికి వచ్చింది. ప్లాస్టిక్ కవరులో రిపోర్టులన్నీ పెట్టుకొని తెచ్చింది. కొడుకు వయసు ఇరవై నాలుగు. దుబాయిలో పని చేస్తుండగా మెడ దగ్గర గడ్డ కనిపించి ఇంటికి వచ్చాడు. హైదరాబాదులో పరీక్షలు చేసి హాడ్జ్‌కిన్ లింఫోమా అన్నారు. ఇది లింఫు గ్రంథులకు వచ్చే కాన్సర్. సరైన వైద్యం పూర్తిగా తీసుకుంటే ఎక్కువమందికి నయమవుతుంది. ఆ అబ్బాయి మూడుసార్లు కీమో తీసుకున్నాడు. నాలుగోసారికి పోనని మొండికేశాడు.

"గోడ దిక్కు మొకం పెట్టి పండుకుంటడు. బువ్వ సరిగ తినడు. ఎవరన్న జూడనొస్తె మాట్లాడడు. రాత్రంత గా ఫోను వట్టుకొనే ఉంటడు. ఫోనే వాన్ని ఖరాబు జేసింది. ఏదన్న బలం సూది ఎయ్యుండ్రి, సారూ" అంది ఆ తల్లి.

ఆమె అడిగిన సూది మా దగ్గర లేదు. మా నర్సమ్మ మాత్రం మరునాడు వాళ్ళ ఇంటికి వెళ్ళి మంచం పక్కన కూర్చుంది. "తమ్మీ, రాత్రిపూట ఏం చూస్తున్నవ్? నాకు గూడ చూపియ్యవా?" అని అడిగింది. చాలాసేపటికి అతను ఫోను చేతికిచ్చాడు. అందులో వాట్సాప్ గ్రూపు ఒకటి ఉంది. అందరూ తెలుగువాళ్ళే, అందరూ ఇరవై, ముప్పై ఏళ్ళవాళ్ళే. ఒకరిది కరీంనగర్, ఒకరిది గుంటూరు, ఒకరు బెంగళూరులో ఉద్యోగం. అందరికీ కాన్సర్ వచ్చింది. కొందరికి వైద్యం ముగిసింది, కొందరికి ఇంకా సాగుతోంది. ముందురోజు రాత్రి రెండు గంటలకు ఆ అబ్బాయి "ఇక నావల్ల కాదు" అని రాశాడు. ఐదు నిమిషాల్లో జవాబు వచ్చింది: "నాలుగోదానికి నాకూ గట్లనే అనిపించింది తమ్మి. పోయినంక తెల్సింది, అదే అన్నిట్ల కష్టమని. నువ్ పోయిరా, నేను మేలుకొనే ఉంట."

అతను నాలుగో కీమోకు వెళ్ళాడు. తల్లి బతిమాలితే పోనివాడు, మేము చెబితే వినే స్థితిలో లేనివాడు, ఎన్నడూ ముఖం చూడని ఒక మనిషి మాట మీద బస్సెక్కాడు. ఎందుకు? ఆ ప్రశ్నకు జవాబే ఈ పాఠం.

ఈ వయసు ఎందుకు వేరు?

కాన్సర్ వైద్యంలో పదిహేను నుంచి ముప్పై తొమ్మిదేళ్ళ వరకు ఉన్నవారిని ఒక ప్రత్యేక వర్గంగా చూస్తారు. ఈ వయసులో ఎక్కువగా కనిపించేవి రక్త కాన్సర్లు, లింఫు గ్రంథుల కాన్సర్లు, ఎముక కాన్సర్లు, మెదడు గడ్డలు, థైరాయిడ్, మగవారిలో వృషణాల కాన్సర్, ఆడవారిలో రొమ్ము, గర్భాశయ ముఖద్వారం, అండాశయం కాన్సర్లు. మన దేశంలో గుట్కా, పొగాకు వల్ల నోటి కాన్సర్ కూడా ఈ వయసులోనే మొదలవుతోంది.

వయసులో ఉన్నవాడికి కాన్సర్ అని ఎవరూ అనుకోరు. మెడ గడ్డను టీబీ అనుకుంటారు. మోకాలి నొప్పిని ఆటలో తగిలిన దెబ్బ అనుకుంటారు. రొమ్ములో గడ్డను పాలగడ్డ అనుకుంటారు. అలా నెలలు గడిచిపోతాయి. అమెరికాలో జాతీయ కాన్సర్ సంస్థ, లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఫౌండేషన్ కలిసి 2006లో ఒక నివేదిక తెచ్చాయి. చిన్నపిల్లల వైద్యంలోనూ పెద్దవారి వైద్యంలోనూ వచ్చినంత మెరుగుదల ఈ మధ్య వయసువారికి అందలేదని అది ఎత్తి చూపింది.

ఆసుపత్రిలో కూడా వీరికి సరైన చోటు ఉండదు. పిల్లల వార్డులో గోడల మీద బొమ్మలుంటాయి. పెద్దల వార్డులో పక్క మంచం మీద తాత ఉంటాడు. ఆ తాత మంచివాడే, జాలితో పలకరిస్తాడు. కాని ఇరవై నాలుగేళ్ళవాడి బాధ వేరు. వీసా ఏమవుతుంది? అప్పు ఎలా తీరుతుంది? జుట్టు రాలిపోతే బయటికి ఎలా వెళ్ళాలి? పిల్లనిస్తారా? పెళ్ళయినా పిల్లలు పుడతారా? ఈ ప్రశ్నలు తాతను అడగలేడు. అమ్మను అసలే అడగలేడు. డాక్టరు గది బయట వందమంది వరుసలో ఉంటే అక్కడా అడగలేడు.

ఆడపిల్లలకు ఇది ఇంకా కష్టం. పెళ్ళి సంబంధాలు చెడిపోతాయని ఇంటివారే జబ్బును దాచిపెడతారు. పిల్లను చుట్టాల ఇంటికి పంపామని ఊళ్ళో చెప్పి, హైదరాబాదులో వైద్యం చేయిస్తారు. తనకేమైందో తన స్నేహితురాలికి కూడా చెప్పవద్దని ఆ పిల్లతో ఒట్టు వేయించుకుంటారు. వాళ్ళ భయం మాకు అర్థమవుతుంది. కాని జబ్బుతో పాటు అబద్ధాన్ని కూడా మోయడం ఆ పిల్లకు రెండో బరువు.

ఫోనులో తోడు మనకు కొత్త కాదు

"ముఖం తెలియనివాళ్ళతో ఏం స్నేహం?" అని పెద్దలు అడుగుతారు. ఒక్కసారి మన ఇళ్ళ సంగతి ఆలోచించండి. కామారెడ్డి, ఎల్లారెడ్డి, బాన్సువాడ, పిట్లం చుట్టుపక్కల ఎన్ని ఇళ్ళనుంచి కొడుకులు, భర్తలు గల్ఫ్ దేశాలకు వెళ్ళారు! ఒకప్పుడు ఉత్తరం కోసం నెల రోజులు ఎదురు చూసేవాళ్ళం. ఇప్పుడు రాత్రి అన్నాలయ్యాక వీడియో కాల్ వస్తుంది. చిన్నపిల్ల నాయినకు ఫోనులోనే ముద్దు పెడుతుంది. దూరాన ఉన్న మనిషి ఫోనులో తోడుగా ఉండగలడని మన తల్లులకు ఎవరూ నేర్పనక్కరలేదు. కాన్సర్ వచ్చిన యువకుడు వెతుక్కునేది కూడా అలాంటి తోడే. తేడా ఒక్కటే: వాళ్ళను కలిపింది రక్తసంబంధం కాదు, ఒకే రకమైన కష్టం.

ఇది బయటి దేశాల్లో ముందు మొదలైంది. అమెరికాలో హైడీ ఆడమ్స్ అనే యువతికి ఇరవై ఆరేళ్ళ వయసులో ఎముక కాన్సర్ వచ్చింది. తన వయసువాళ్ళు చుట్టూ ఎవరూ కనిపించక, 'ప్లానెట్ కాన్సర్' అనే బృందానికి ప్రాణం పోసింది. 2000 దశకంలో ఇరవై, ముప్పై ఏళ్ళ రోగులు ఇంటర్నెట్‌లో కలుసుకొని మాట్లాడుకునే చోటుగా అది పెరిగింది.

అర్జెంటీనాకు చెందిన మాక్స్ అనే అబ్బాయి దీర్ఘకాలిక రక్త కాన్సర్‌తో 1991లో పదిహేడేళ్ళ వయసులో చనిపోయాడు. సీఎమ్‌ఎల్ అని డాక్టర్లు అనేది ఈ జబ్బునే. ఆ కుటుంబం 1997లో అతని పేరిట మాక్స్ ఫౌండేషన్ స్థాపించింది. మన దేశంలో ఆ సంస్థ అండతో 'ఫ్రెండ్స్ ఆఫ్ మాక్స్' అనే రోగుల బృందం ఏర్పడింది. పాశ్చాత్య దేశాల్లో సీఎమ్‌ఎల్ ఎక్కువగా ముసలివారిలో కనిపిస్తుంది. మన దేశంలో ముప్పై, నలభై ఏళ్ళవారిలో కూడా మామూలే. 2001లో ఇమాటినిబ్ అనే మాత్ర వచ్చాక ఈ జబ్బు రూపమే మారిపోయింది. రోజూ మాత్ర వేసుకుంటే చాలామంది ఏళ్ళ తరబడి పని చేసుకుంటూ బతుకుతున్నారు. ఆ మందు మీద పేటెంటును 2013 ఏప్రిల్ 1న మన సుప్రీంకోర్టు తిరస్కరించింది. దాంతో మన దేశంలో తయారయ్యే చౌక మాత్రలకు దారి నిలిచింది. కాని మాత్ర చవకైనంత మాత్రాన సరిపోదు, రోజూ వేసుకోవాలి. ఒంట్లో బాగానే ఉందని మధ్యలో మానేస్తే జబ్బు మందుకు లొంగకుండా పోతుంది. "ఈ రోజు మాత్ర వేసుకున్నావా?" అని అడిగే తోటి రోగి విలువ ఇక్కడే తెలుస్తుంది.

చిన్నతనంలో కాన్సర్ జయించి పెద్దవారైన యువత కోసం ముంబయిలోని ఇండియన్ కాన్సర్ సొసైటీ అండతో 2009లో 'ఉగమ్' అనే బృందం మొదలైంది. ఒకప్పుడు రోగులుగా ఉన్నవారే అక్కడ కొత్తవారికి ధైర్యం చెబుతారు.

మన పల్లెలకు ఇదంతా చేరడానికి ఇంకొంత కాలం పట్టింది. ఇంటర్నెట్ కేంద్రానికి పోయి గంటకింత అని కట్టి కూర్చోవడం జబ్బు మనిషికి కుదిరే పని కాదు. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక డేటా ధర పడిపోయి, పెద్ద ఫోను పల్లెలోనూ మామూలైంది. మంచం దిగలేని మనిషి కూడా మంచం మీదినుంచే మాట్లాడే వీలు కలిగింది.

పేరున్నవారు తమ జబ్బును దాచకపోవడం కూడా మేలు చేసింది. 2011 ప్రపంచకప్‌లో మనల్ని గెలిపించిన యువరాజ్ సింగ్‌కు ముప్పై ఏళ్ళకే ఛాతీలో కాన్సర్ గడ్డ బయటపడింది. 2012లో అమెరికాలో కీమో తీసుకుంటూ, జుట్టు రాలిన తన ఫోటోను తానే ట్విటర్లో పెట్టాడు. అదే సంవత్సరం సెప్టెంబరులో మళ్ళీ భారత జట్టు తరఫున ఆడాడు. శ్రీకాకుళంలో పుట్టిన నటి గౌతమి ముప్పై అయిదేళ్ళకు రొమ్ము కాన్సర్‌ను ఎదుర్కొని, తరువాత ఇతర రోగుల కోసం లైఫ్ అగైన్ ఫౌండేషన్ పెట్టింది. తెలుగు సినిమాల్లో నటించిన హంసా నందిని 2021 డిసెంబరులో తనకు రొమ్ము కాన్సర్ వచ్చిందని, తన తల్లి కూడా అదే జబ్బుతో పోయిందని ఇన్‌స్టాగ్రామ్‌లో రాసింది. బోడిగుండుతో ఉన్న ఫోటో పెట్టింది. సినిమా నటికి ఉన్న డబ్బు, వసతి మనకు లేకపోవచ్చు. కాని ఆ ఫోటో చూసి, తలకు కొంగు కప్పుకొని మూలన కూర్చున్న అమ్మాయి ఒక్క క్షణం తల ఎత్తితే అదీ ఒక మేలే.

ఈ తోడు ఏమి చేయగలదు? ఏమి చేయలేదు?

ఇక్కడ నిజం ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి. 1989లో అమెరికాలో డాక్టర్ డేవిడ్ స్పీగెల్, ఆయన తోటివారు 86 మంది స్త్రీల మీద చేసిన పరిశోధన ఫలితాలు ప్రకటించారు. వారందరికీ రొమ్ము కాన్సర్ శరీరంలో ఇతర భాగాలకు పాకింది. వారం వారం ఒకచోట కూర్చొని మాట్లాడుకున్నవారు, అలా కూర్చోనివారికంటే దాదాపు రెండింతల కాలం బతికారని అందులో తేలింది. అందరూ సంతోషించారు. కాని 2001లో కెనడాలో 235 మందితో చేసిన పరిశోధనలో ఆయుష్షు పెరగలేదు. 2007లో స్పీగెల్ బృందమే 125 మందితో మళ్ళీ చేసి చూసింది. మొత్తం మీద ఆయుష్షు పెరిగినట్టు కనిపించలేదు. అయితే కెనడా పరిశోధనలో మరో మాట తేలింది: సమావేశాలకు వచ్చినవారిలో, ముఖ్యంగా మొదట్లో ఎక్కువ బాధలో ఉన్నవారిలో, మనోవేదన తగ్గింది, నొప్పి బాధ తగ్గింది.

అవి ఎదురెదురుగా కూర్చున్న సమావేశాలు, ఫోనులో జరిగినవి కావు. అయినా మనకు ఒక పాఠం ఉంది. తోడు కాన్సర్‌ను కరిగించదు. తోడు బరువును తగ్గిస్తుంది. బరువు తగ్గిన మనిషి భోజనం చేస్తాడు, నిద్రపోతాడు, చెప్పిన తేదీకి కీమోకు వెళ్తాడు. మందు ఆసుపత్రిలో ఉంటుంది, తోడు మనుషుల్లో ఉంటుంది. ఒకదాని పని రెండోది చేయదు.

మరో ఫోను, మరో కథ

ఈ మాట మేము కష్టపడి నేర్చుకున్నాం. బీడీలు చుట్టే ఇరవై తొమ్మిదేళ్ళ అమ్మ ఒకామె రొమ్ములో గడ్డతో మా దగ్గరికి వచ్చింది. ఇద్దరు చిన్నపిల్లలు. పరీక్ష చేయించాం, కాన్సర్ అని తేలింది. ఎక్కడికి వెళ్ళాలో, ఏ కాగితాలు పట్టుకెళ్ళాలో అన్నీ చెప్పి పంపాం. ఆమె వెళ్ళలేదు. నాలుగు నెలల తరువాత గడ్డ పగిలి, పుండై తిరిగి వచ్చింది.

ఆమె ఫోనులో కూడా ఒక గ్రూపు ఉంది. అందులో రోగులు లేరు, రోగులమని చెప్పుకునేవాళ్ళున్నారు. "సూది గుచ్చి పరీక్ష చేస్తేనే జబ్బు పాకుతుంది" అన్నారు. "కీమో అంటే విషం" అన్నారు. "మా పొడి నాలుగు నెలలు వాడు" అని చెప్పి, విడతలు విడతలుగా ఫోనులోనే డబ్బు వేయించుకున్నారు. బీడీలు చుట్టిన డబ్బు అది. ఇప్పుడు ఆమెకు వైద్యం సాగుతోంది. కాని మొదట్లో తేలికగా అయ్యే పని ఇప్పుడు చాలా కష్టమైంది.

ఇందులో మా తప్పు ఉంది. మేము చెప్పవలసింది చెప్పాం కాని అడగవలసింది అడగలేదు. ఫోనులో ఎవరితో మాట్లాడుతోంది, ఏమి నమ్ముతోంది అని ఒక్క మాట అడిగి ఉంటే ఆ నాలుగు నెలలు దక్కేవి. అప్పటినుంచి మేము కాన్సర్ రోగులందరినీ ఆ ప్రశ్న అడుగుతున్నాం. కోప్పడటానికి కాదు, తెలుసుకోవడానికి. బయాప్సీ వల్ల కాన్సర్ పాకుతుందన్న భయానికి ఆధారం లేదు. ఆ పరీక్ష లేకుండా ఏ మందు ఇవ్వాలో తెలియదు.

మంచి గ్రూపును ఎలా గుర్తించాలి?

1. మంచి గ్రూపులో "మీ డాక్టరును అడగండి" అనే మాట తరచుగా వినిపిస్తుంది. "డాక్టరుకు చెప్పకండి" అనే మాట వినిపిస్తే ఆ క్షణమే బయటికి రండి.

2. ఏదైనా అమ్మితే అది తోడు కాదు, దుకాణం. పొడి, ఆకు రసం, నీళ్ళ యంత్రం, ఏదైనా సరే. "నూటికి నూరుపాళ్ళు గ్యారంటీ" అని నిజమైన వైద్యుడు ఎవరూ అనడు.

3. మీ జబ్బు, మీ దశ, మీ మందు మీవి. అదే పేరున్న కాన్సర్ అయినా పక్కవారి మందు మీకు సరిపోకపోవచ్చు. వారి మోతాదు చూసి మీది మార్చుకోకండి. ఆకులు, పసళ్ళు, పొడులు కూడా కీమో మందులతో కలిసి హాని చేయవచ్చు. ఏది వాడుతున్నా డాక్టరుకు చెప్పండి.

4. ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకం, ఓటీపీ ఎవరికీ పంపకండి. రిపోర్టు ఫోటో పెట్టేముందు పేరు, ఫోను నంబరు, చిరునామా కప్పేయండి. ఒకసారి పెట్టిన ఫోటో ఎక్కడికి పోతుందో మన చేతిలో ఉండదు.

5. ఆడపిల్లలు ముఖ్యంగా గమనించాలి: జాలి చూపుతూ విడిగా మెసేజీలు పంపి, ఫోటోలు అడిగేవారు ఉంటారు. జవాబు ఇవ్వకండి. గ్రూపు నడిపేవారికి, ఇంట్లో నమ్మకమైన ఒకరికి చెప్పండి.

6. చదివాక మనసు తేలికపడుతోందా, ఇంకా భయం పెరుగుతోందా? భయమే పెరుగుతుంటే కొన్ని రోజులు దూరంగా ఉండండి. రాత్రి నిద్ర కూడా మందే.

అడగడానికి సిగ్గుపడే ప్రశ్న

ఫోను గ్రూపుల్లో యువత ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటి ఉంది: "నాకు పిల్లలు పుడతారా?" ఆసుపత్రిలో ఈ ప్రశ్న రాదు. అడగరు, చాలాసార్లు చెప్పరు కూడా. కొన్ని కీమో మందులు, కొన్ని చోట్ల ఇచ్చే రేడియేషన్ సంతాన శక్తిని దెబ్బతీయవచ్చు. అందరికీ అలా జరగదు. వైద్యం మొదలుకాకముందే మగవారి వీర్యాన్ని గడ్డకట్టించి భద్రపరచవచ్చు. దీనికి ఒకటి రెండు రోజులు చాలు. ఆడవారి అండాలను భద్రపరచడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. జబ్బు ఆగుతుందా లేదా అన్నది డాక్టరు చెప్పాలి. హైదరాబాదులో ఈ వసతి ఉంది, ఖర్చు ఉంటుంది. అందుకే కీమో మొదలయ్యే ముందే డాక్టరును అడగండి. తల్లిదండ్రులారా, మీ కొడుకుకో కూతురికో అడగడానికి నోరు రాకపోతే మీరే అడగండి. ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

గ్రూపులో ఒకరు పోతే

ఇది కూడా చెప్పాలి. అలాంటి గ్రూపులో చేరినవారు ఏదో ఒకరోజు ఒకరి మరణవార్త చదువుతారు. మా అబ్బాయికి ఆరో కీమో తరువాత ఆ రోజు వచ్చింది. మొదటి రాత్రి "నేను మేలుకొనే ఉంట" అని రాసిన మనిషే పోయాడు. జబ్బు తిరగబెట్టింది. మా అబ్బాయి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. "ఎవరో తెలియనోడు పోతే నీకెందుకు ఏడుపు?" అని ఇంట్లో ఒకరు అన్నారు. ఆ మాట చాలా తప్పు. అతనికి ఆ మనిషి అన్న. అన్న పోయినట్టే ఏడవనివ్వాలి. ఆ సాయంత్రం తల్లి పక్కన కూర్చొని, "గా పిలగాని పేరేంది బిడ్డా? యాడిదోడు?" అని అడిగింది. అప్పుడు అతను మొదటిసారి ఇంట్లో నోరు విప్పి, రాత్రంతా ఆ అన్న గురించి చెప్పాడు. ఫోనులో దొరికిన తోడు ఆ రోజునే ఇంట్లోకి వచ్చింది.

ఇంటివారికి, సంఘానికి ఒక మాట

యోబు కష్టాలు విని ముగ్గురు స్నేహితులు వచ్చిన సంగతి మనకు తెలిసిందే. ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు నేలమీద అతని పక్కన మౌనంగా కూర్చున్నారు. అంతవరకు వాళ్ళు మంచి స్నేహితులు. నోరు తెరిచి "నీ పాపమే దీనికి కారణం" అనడం మొదలుపెట్టాక బాధను రెట్టింపు చేశారు. మనం పరామర్శకు వెళ్ళినప్పుడు మొదటి ఏడు రోజుల స్నేహితులమో, తరువాతి స్నేహితులమో ఆలోచించుకోవాలి.

ఎవరి పాపం వల్లో ఎవరికీ కాన్సర్ రాదు. ఇది అంటువ్యాధి కాదు. ఒకే కంచంలో తిన్నా, ఒకే మంచం మీద కూర్చున్నా రాదు. "అయ్యో, జుట్టంత పాయె" అనకండి. "మా మేనత్తకు కూడా ఇదే వచ్చి పోయింది" అని కథలు చెప్పకండి. రోగి అనుమతి లేకుండా ప్రార్థన గ్రూపులో పేరు, జబ్బు, ఫోటో పెట్టకండి. మన ఉద్దేశం మంచిదే, కాని ఆ మెసేజీ సాయంత్రానికి ఊరంతా తిరుగుతుంది.

చేయగలిగినవి చాలా ఉన్నాయి. హైదరాబాదు వెళ్ళే రోజున తోడుగా బస్సెక్కండి. చిన్నపిల్లలను ఒక పూట చూసుకోండి. ఫోను రీచార్జి చేయించండి, అది దుబారా కాదు. క్రికెట్ గురించి, సినిమా గురించి మామూలుగా మాట్లాడండి. రోగిగా కాదు, మనిషిగా పలకరించండి. ఫోను లాక్కోకండి. "ఏం చూస్తున్నావు, నాకూ చూపించు" అనండి.

ఫోను పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి రావలసినవి

కీమో తీసుకుంటున్నవారికి 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ జ్వరం వస్తే గ్రూపులో అడుగుతూ కూర్చోకూడదు. తెల్లకణాలు తగ్గినప్పుడు వచ్చే జ్వరం గంటల్లో ప్రాణం మీదికి తెస్తుంది. రాత్రయినా సరే బయలుదేరండి, 108కి ఫోను చేయండి. ఊపిరాడకపోవడం, రక్తం కారడం, ఆగని వాంతులు, మత్తుగా పడిపోవడం కూడా అలాంటివే.

జబ్బు ఇంకా తేలనివారు ఇవి గమనించండి: రెండు మూడు వారాలైనా తగ్గని గడ్డ, మూడు వారాలు దాటిన నోటి పుండు, కారణం లేకుండా బరువు తగ్గడం, రాత్రి బట్టలు తడిసేంత చెమట, రాత్రిపూట పెరిగే ఎముక నొప్పి, నెలసరి మధ్యలో రక్తస్రావం. వయసు చిన్నదని ఊరుకోకండి.

వైద్యానికి హైదరాబాదు రెడ్‌హిల్స్‌లో ప్రభుత్వ ఎం.ఎన్.జె. కాన్సర్ ఆసుపత్రి ఉంది, 1955 నుంచి సేవ చేస్తోంది. బంజారాహిల్స్‌లో బసవతారకం కాన్సర్ ఆసుపత్రి 2000లో మొదలైంది. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో మన రాష్ట్రంలో కుటుంబానికి పది లక్షల రూపాయలకు పెంచారు. వివరాలకు 104కు ఫోను చేయవచ్చు. బతకాలని లేదనే ఆలోచన వస్తే ఒంటరిగా ఉండకండి. టెలీ మానస్ నంబరు 14416, రాత్రింబవళ్ళు పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు, ఖర్చు లేదు.

చివరగా

ఆ అబ్బాయి వైద్యం ముగిసింది. స్కానులో గడ్డలు కనిపించలేదు. డాక్టరు చెప్పిన తేదీలకు పరీక్షకు వెళ్తున్నాడు. దుబాయికి మళ్ళీ పోలేదు, ఇక్కడే చిన్న పని చూసుకున్నాడు. మొన్న మా దగ్గరికి వచ్చినప్పుడు కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నిద్ర లేదా అని అడిగాం. నిజామాబాదు నుంచి పంతొమ్మిదేళ్ళ పిల్లవాడు ఒకడు కొత్తగా గ్రూపులో చేరాడట, తెల్లారితే మొదటి కీమో అట, భయంతో రాత్రంతా రాస్తూనే ఉన్నాడట.

"మేలుకొనే ఉంట అని చెప్పిన సార్. ఉండాలె గదా" అన్నాడు.

కలిసి ఆలోచించుకోవడానికి ప్రశ్నలు

1. మన ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే వారి మనసులోని మాట ఎవరికి చెప్పుకుంటారు? మనకు ఎందుకు చెప్పరు?

2. పరామర్శకు వెళ్ళినప్పుడు మనం అనే మాటల్లో ఏవి బరువు తగ్గిస్తాయి, ఏవి పెంచుతాయి?

3. ఫోనులో వచ్చిన ఒక వైద్య సలహాను నమ్మేముందు ఎవరిని అడగాలి?

4. మన సంఘంలో హైదరాబాదుకు వైద్యానికి వెళ్ళేవారికి తోడుగా వెళ్ళగల ఇద్దరు ఎవరు? ఈ వారమే వారి పేర్లు రాసుకోండి.